బొమ్మలో పాపకు కాలదు

చింతామణి,
18 నవంబరు 2007

నువ్వు రాసిన పుస్తకం చూసి మా చైత్ర పట్టుగూళ్లు ఉడికించి పోగు తీసే బేసిన్ దగ్గర కూర్చుంది. పదకొండేళ్ల నా చెల్లెలిని ఆ వేడినీళ్ల దరికి రానివ్వకుండా ఇన్నేళ్లు నేను అడ్డం నిలబడ్డాను. పదహారు పేజీల బొమ్మల పుస్తకంతో నువ్వు దాన్ని అక్కడ కూర్చోబెట్టావు. ఇది నీ పని ఆశా. అందుకే పైన ‘ప్రియమైన’ అని రాయలేదు.

ఎట్లా జరిగిందో చెబుతాను. తరువాత నాకు తెలియదు అనవద్దు.

దసరా అయినప్పటి నుంచి అమ్మకు ఆయాసం. గూళ్లు ఉడికే ఆవిరి పడటం లేదు, లోపల అడుగుపెడితే చాలు దగ్గు. సీనప్ప ఫ్యాక్టరీ వెనక వరస గదుల్లో ఉండేవాళ్లు గదికి రెండు బేసిన్ల దగ్గర మనుషులను కూర్చోబెట్టాలి. పిన్ని మా దగ్గర వదిలితే నువ్వూ హైస్కూలు మూడేళ్లు ఆ గదిలోనే ఉండి చదివావు కదా, ఆ పద్ధతి ఏమీ మారలేదు. అమ్మ బేసిన్ ఖాళీ అయింది. కొన్నాళ్లు రెండూ నేనే చూశాను. ఒకదాని దగ్గర కొస అందుకునేలోగా రెండోదానిలో పోగు తెగుతుంది. మనిషిని పెట్టండి, లేదా గది ఖాళీ చేయండి అన్నాడు సీనప్ప. పక్క గది కెంపమ్మ వాళ్ల కోడలిని అడుగుతున్నాను, నాలుగు రోజులు ఆగమన్నాను.

ఆ నాలుగు రోజుల్లోనే నీ పుస్తకం వచ్చింది. కొత్త జిల్లా అయిన సంతోషంలో చిక్కబళ్ళాపురంలో పిల్లల పుస్తకాలు వేసే సంస్థవాళ్లు మూడు తాలూకాల్లో ఐదో తరగతి పిల్లలకు తలా ఒకటి పంచారట. పేరు ‘బిడదె గెద్దవళు’. పట్టు విడవకుండా గెలిచిన పిల్ల. వెనక అట్ట మీద నీ ఫోటో, కింద గూళూరు టీచరమ్మ అని.

చైత్ర పైకి చదివింది, అమ్మా అప్పా గోడకానుకుని విన్నారు. ఏడో పేజీలో పాప తెల్లవారుజామున బేసిన్ ముందు కూర్చుని కుడిచేత్తో పోగు తీస్తోంది, ఎడమచేత్తో పుస్తకం పట్టుకుంది. పైగా నవ్వుతోంది. ఆ ఎడమచేతి చూపుడువేలికి పచ్చగుడ్డ చుట్టి ఉంది. గోరు ఊడిపోయిన నా వేలికి నేను చుట్టుకునే గుడ్డ. అమ్మ కూడా గుర్తుపట్టింది. కాసేపటికి వరసలో ఉన్నవాళ్లంతా మా గుమ్మంలో ఉన్నారు. కెంపమ్మ ఊరుకుంటుందా?

“ఏమ్మే నేత్రా, పుస్తకంలో పాసయినావంట. మాకు మిఠాయి యాడ?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏం చేయమంటావు.

పద్నాలుగో పేజీలో ఆ పాప పరీక్షనాటి పొద్దున కూడా బేసిన్ పని ముగించుకునే పోతుంది. పదహారో పేజీలో మెడలో దండ. అప్ప పుస్తకం చేతికి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. మర్నాడు పొద్దున ఐదుకు చైత్రను లేపాడు. నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను.

“అచ్చేసిన పుస్తకంలోనే ఉండాది కదమ్మా,” అన్నాడు. “పని చేస్తా చదివితే ఎవురూ పాడైపోరు. ఆశా కాలేదా టీచరు?”

చైత్ర ఏడుస్తూ పోలేదు. జడ వేసుకుని, ఆ పాప లాగానే పుస్తకం చంకలో పెట్టుకుని, ఉత్సాహంగా పోయింది. నాకు ఒళ్లు మండింది అందుకే. సీనప్ప ఎక్కడో ఇంకొక కాపీ సంపాదించి ఏడో పేజీ చింపి ఫ్యాక్టరీ గోడకు అంటించాడు.

ఫిబ్రవరి ఇరవైనాలుగున దానికి వసతి శాలె ప్రవేశ పరీక్ష. సీటు వస్తే ఆరో తరగతి నుంచి అక్కడే తిండి, అక్కడే చదువు. ఈ గది ఉండదు, ఈ నీళ్లు ఉండవు. ఆ ఒక్క పరీక్ష కోసం రెండేళ్లుగా నేను లెక్కలు మళ్లీ నేర్చుకుని దానికి చెబుతున్నాను. ఇప్పుడది సాయంత్రం పుస్తకం తెరవగానే తూగుతోంది.

ఇంట్లో ఉన్న ఒక్క ఫోను అప్ప జేబులో ఉంటుంది. కదిరి బస్సువాళ్లు పారేసిన పాత వారపత్రికలు పెట్టుకుని మనమిద్దరం నేర్చుకున్న తెలుగు రాత ఇన్నాళ్లకు పనికొచ్చింది. ఇక్కడ ఎవరికీ ఈ అక్షరాలు రావు. ఉన్నది ఉన్నట్టు జవాబు రాయి.

నేత్ర


గూళూరు, బాగేపల్లి తాలూకు,
27 నవంబరు 2007

ప్రియమైన నేత్రక్కకు,

ఆశా నమస్కారాలు. పెద్దమ్మ ఆరోగ్యం గురించి చదివి బాధపడ్డాను. నీవు కోపంలో రాశావు కనుక నేను కోపం తెచ్చుకోవడం లేదు.

జూన్‌లో ఆ సంస్థవాళ్లు చిక్కబళ్ళాపురంలో టీచర్లకు కథలు రాయడం మీద మూడు రోజుల శిబిరం పెట్టారు. పిల్లలు ఒక గురి పెట్టుకుని, కష్టపడి దాన్ని చేరుకునే కథలు కావాలన్నారు. ఎక్కడెక్కడివో కథలు వద్దు, మీ చుట్టూ ఉన్న బతుకుల్లోంచి తీయండి అన్నారు. అక్కా, మన పిల్లలకు దొరికే బొమ్మల పుస్తకాల్లో ఏముంటాయో చెప్పు. మంచు, ఆపిల్ తోట, రాజుగారి కోట. పట్టుగూళ్లు ఉడికే ఇంట్లో పుట్టిన పిల్ల తన ఇంటిని బొమ్మలో ఎప్పుడు చూసింది? అది చూపించాలని రాశాను. నాకు తెలిసిన బతుకు అదే కదా.

నా క్లాసులో ముత్యాలప్ప అనే రైతు కూతురు ఉంది. వేరుశనగ పనుల్లో పడి బడి మానేసింది. ఈ పుస్తకం వాళ్ల తమ్ముడి చేతిలో చూసి, ఒక సోమవారం తనంతట తానే వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. నేను పిలవలేదు. ఆ పాప వచ్చింది నిజం. దాన్ని ఏమంటావు?

పుస్తకం పనికి పొమ్మని చెప్పదు అక్కా, పట్టు విడవద్దని చెబుతుంది. పెద్దప్ప దాన్ని వేరేగా తీసుకున్నాడు. నేను ఫోను చేసి నయంగా చెబుతాను, నీవు గొడవ పెట్టుకోవద్దు. పరీక్ష దాకా పొద్దున రెండు గంటలంటే మరీ అంత భయపడనవసరం లేదేమో. మనం చేయలేదా? చేసే కదా ఇంతదూరం వచ్చాము.

చైత్రకు నోటుపుస్తకాలు, రంగు పెన్సిళ్లు చింతామణి బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి పంపుతున్నాను. బాగా చదవమని చెప్పు.

నీ చెల్లెలు,
ఆశా


చింతామణి,
6 డిసెంబరు 2007

ఆశాకు,

నీ ఫోను అప్పకు అందింది. ఏం నయంగా చెప్పావో తెలియదు. అమ్మ దగ్గు గురించి అడిగావట, అక్కడ వాన పడిందా అని మాట్లాడుకున్నారట, చైత్రను చదువు కూడా చూసుకోమన్నావట. ఫోను పెట్టేసి ఆయన సంతోషంగా వచ్చాడు. “ఆశా కూడా సరే అనింది. నీకొక్కదానికే కండ్లమంట,” అన్నాడు. ఇంకెప్పుడూ ఫోను చేయకు.

నీ ఉత్తరంలో ఒక మాట నాకు మింగుడుపడలేదు. ‘మనం చేయలేదా’ అన్నావు. మనం అంటే ఎవరు? విడమరిచి రాస్తాను. పదేళ్లయింది, నువ్వు మరిచిపోయి ఉంటావు.

ఒక బేసిన్ అమ్మది. రెండోది మనిద్దరిదీ, రోజు మార్చి రోజు. రెండేళ్లు అట్లా నడిచింది, నీ చేతులూ నానాయి, నేను కాదనను. పదో తరగతి పరీక్షలకు నెల ముందు అమ్మకు చైత్ర పుట్టింది. అమ్మ బాలింత, బిడ్డతో గదిలోనే ఉంది. అప్ప తెల్లారకముందే సీనప్పతో గూళ్ల మార్కెట్టుకు పోయేవాడు. రెండు బేసిన్లూ మన మీద పడ్డాయి. అప్పుడు నువ్వు నా కాళ్ల దగ్గర కూర్చుని ఏమన్నావు? “ఈ ఒక్క నెల రెండు బేసిన్లూ నువ్వే చూసుకోక్కా. నేను రాసేస్తా. నువ్వు సెప్టెంబరు పరీక్ష కట్టు, ఆ నెలంతా రెండూ నేను చూస్తా,” అన్నావు. ఎవరికీ చెప్పవద్దని ఒట్టు కూడా వేయించావు. నడుస్తున్న బేసిన్లను లెక్కపెట్టుకోవడమే తప్ప ఏ పిల్ల కూర్చుందో సీనప్ప ఏనాడూ చూడలేదు.

నువ్వు ఫస్టు క్లాసు. నేను లెక్కలూ సైన్సూ పోగొట్టుకున్నాను. జూన్‌లో నీకు టీచరు ట్రైనింగు సీటు వచ్చింది. సెప్టెంబరులో నువ్వు రాలేదు. ఒకే గదిలో ఉండి, ఒకే పని చేసి, ఒకతి పాసు, ఒకతి ఫెయిలు, నీ బుర్రలో గుజ్జు లేదు అని అప్ప అన్నప్పుడు నేను నోరు విప్పలేదు. ఒట్టు వేశాను కనుక. ఈనాటికీ ఆయన అదే అనుకుంటున్నాడు.

నీ పుస్తకంలో పాపకు చేతులు నావి, మార్కులు నీవి. ఇద్దరిని కలిపి కుట్టేసి ఒక పిల్లను చేశావు. అట్లాంటి పిల్ల ఈ చింతామణిలో పుట్టలేదు. పొద్దున బేసిన్ దగ్గర కూర్చుని, పగలు ఫస్టు క్లాసు తెచ్చుకున్న పిల్ల లేదు. ఒకతి కూర్చుంది, ఇంకొకతి చదివింది.

ఏడో పేజీ సంగతి. ఎడమచేత్తో పుస్తకం పట్టుకుంటే కొస దేనితో అందుకుంటారు? ఆ పనికి రెండు చేతులూ కావాలి. ఆవిరికి పది నిమిషాల్లో కాగితం అప్పడం లాగా ఉబ్బుతుంది. కుడిపక్క కుండలో గూళ్లు కుతకుత ఉడుకుతుంటాయి, ముందున్న తొట్టిలో నీళ్లు దానికంటే తక్కువ వేడి. కన్ను పక్కకు తిప్పితే ఏది ఏదో చేతికి తెలియదు. ఇది బొమ్మ వేసినావిడకు తెలియదు సరే. నీకు తెలుసు.

రంగు పెన్సిళ్లు అదే బస్సులో వెనక్కి పంపాను. నోటుపుస్తకాలు చైత్ర ఇవ్వనంది.

ఆ పుస్తకం మాట తప్పని చైత్రకు చెప్పు. అప్పకు చెప్పు. అంతకంటే నేనేమీ అడగను.

నేత్ర


గూళూరు,
24 డిసెంబరు 2007

అక్కా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులు దాటింది. మూడుసార్లు జవాబు మొదలుపెట్టి చించేశాను.

నేను ఏదీ మరిచిపోలేదు. సెప్టెంబరులో రావాలనే అనుకున్నాను. ట్రైనింగులో సెలవు ఇవ్వరన్నారు, అంటే నేను గట్టిగా అడగలేదు. ఒకసారి అక్కడి మంచం మీద పడుకోవడం అలవాటైన తరువాత ఆ ఆవిరిలోకి మళ్లీ రావాలంటే నాకు భయం వేసింది. ఇది ఎవరికీ చెప్పలేదు.

నీకు తెలియని ఒకటి చెబుతాను. నేను మొదట రాసిన కథలో ఇద్దరు పిల్లలు ఉన్నారు. ఒక పాప బేసిన్ దగ్గర, ఒక పాప పుస్తకం దగ్గర. చివరి పేజీలో పుస్తకం పాప వెనక్కి వచ్చి బేసిన్ ముందు కూర్చుంటుంది, రెండో పాప పరీక్షకు పోతుంది. అట్లా రాశాను. జరగనిది జరిగినట్టు రాసుకున్నాను. శిబిరం నడిపిన సంస్థ మేడమ్ చదివి బాగుందన్నారు, కానీ ఇద్దరుంటే పిల్లలు తికమక పడతారు, ఒక పాప, ఒక గురి, ఒక గెలుపు ఉండాలి, ఒకరిని తీసేయండి అన్నారు. ఎవరిని తీయమంటారు అని అడిగాను. గెలవని పాపను అన్నారు.

ఓడిపోయిన పిల్ల బొమ్మ ఎవరు వేస్తారక్కా? నిన్ను పూర్తిగా తీసేయడానికి నాకు చేతులు రాలేదు. బొమ్మలావిడ పక్కన కూర్చుని నీ వేలి గుడ్డ మాత్రం వేయించాను. పచ్చరంగే కావాలని పట్టుబట్టాను. అది నీకు కోపం తెప్పిస్తుందని నాకు తోచలేదు. గుర్తుగా ఉంచాననుకున్నాను.

ఇంకొక సంగతి, దాచకుండా చెప్పేస్తున్నాను. మార్చి ఒకటిన చిక్కబళ్ళాపురంలో సభ పెడుతున్నారు. ఆ పుస్తకానికి నాకు బహుమానం ఇస్తారట. తరువాత టీచర్లకు కథలు నేర్పే పని మీద నన్ను అక్కడికే తీసుకోవాలని మాట్లాడుకుంటున్నారు. అది నీ జీవితం కథా టీచరమ్మా అని సభకు పిలవడానికి వచ్చినవాళ్లు అడిగారు. అవునన్నాను. నోట్లోంచి వచ్చేసింది. దినపత్రికలో కూడా అట్లాగే వేశారు.

అందుకని అడుగుతున్నాను. మార్చి దాకా ఆగు. ఆ తరువాత నేనే వచ్చి అందరి ముందూ చెబుతాను. చైత్రను అంతవరకూ నువ్వు కనిపెట్టుకుని ఉండు. నీ పక్కనే కదా కూర్చుంటుంది.

ఆశా


చింతామణి,
21 జనవరి 2008

ఆశా,

పక్కనే కూర్చుంది. నాలుగు బారల దూరం. నేను కనిపెట్టుకునే ఉన్నాను.

గురువారం పొద్దున చైత్ర సోషల్ పుస్తకం ఎడమచేత పట్టుకుంది. వద్దని ఎన్నిసార్లు లాక్కున్నానో. నేను అటు తిరగ్గానే మళ్లీ తీస్తుంది. నా తొట్టిలో పోగు తెగింది. కొస కోసం వంగాను. లేచేలోగా కేక. ముందు తొట్టి అనుకుని కుడిచెయ్యి ఉడికే కుండలో పెట్టింది. మణికట్టు దాకా. కళ్లు పుస్తకం మీద ఉన్నాయి.

నేను చెయ్యి పట్టి లాగాను, తోలు నా చేతికి వచ్చింది. ఇది నువ్వు చదవాలనే రాస్తున్నాను. చదవడం ఆపకు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎట్లా కాలిందని అడిగింది. గంజి వారుస్తూ మీద పోసుకుంది అన్నాడు అప్ప. నేను నోరు తెరిచేలోగా చైత్ర అవునంది. ఎవరూ నేర్పలేదు. అప్ప మాట నిలబెట్టింది. డాక్టరమ్మ నీళ్లలో నానిపోయిన దాని ఎడమచేతి వేళ్లు చూసింది, నా వేళ్లు చూసింది, మందు రాసింది. నెల రోజులు కట్టు. పెన్సిలు పట్టుకోవడం మాట తరువాత అంది.

ఆటోలో వస్తూ అది నన్ను అడిగింది. నాలుగు రోజులైనా ఆ మాట నా చెవుల్లోంచి పోవడం లేదు.

“బొమ్మలో ఉండేతట్లే పట్టుకున్యా కదక్కా. ఆ పాపకు కాల్లేదే. నాకెందుకు కాలింది?”

ఆ పాప లేదు, అదంతా అల్లిన కథ అన్నాను. అది నా మొహం చూసింది. ఎగతాళిగా అనలేదు, నిజంగానే అడిగింది.

“నువ్వు ఫెయిలయినావు కదక్కా. నీకెట్ల తెలుస్తాది?”

పదేళ్లు ఒట్టు నిలబెట్టుకున్నందుకు నాకు దక్కింది ఇది. ఫెయిలైన దాని మాట పదకొండేళ్ల పిల్ల కూడా లెక్కచేయదు. చెయ్యి కాలడానికి తాను పుస్తకం సరిగ్గా పట్టుకోకపోవడమే కారణమని దాని నమ్మకం. ఆవిరి మీదా, కుండ మీదా, సీనప్ప మీదా దానికి కోపం లేదు. దాని మీద దానికే కోపం.

అమ్మ దగ్గుతూనే మురుగమల్ల దర్గాకు పోయి తాయెత్తు కట్టించుకొచ్చింది. సీనప్ప వచ్చి రెండు ద్రాక్షగుత్తులు ఇచ్చి, పిల్లకు ధ్యాస తక్కువ అన్నాడు. గోడ మీద పేజీ అట్లాగే ఉంది. నేను పోయి చింపేశాను. సాయంత్రానికి ఇంకొకటి అంటించాడు. ఎన్ని కాపీలు వేశారు మీరు?

మార్చి దాకా ఆగమన్నావు. దాని పరీక్ష ఫిబ్రవరిలో. నీ సభ కోసం దాని చెయ్యి ఆగలేదు.

నేత్ర


చిక్కబళ్ళాపురం బస్టాండు,
2 ఫిబ్రవరి 2008

అక్కా,

ఇక్కడి బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే మన్నించు.

నీ ఉత్తరం పట్టుకుని ఇవాళ సంస్థవాళ్ల దగ్గరికి వెళ్లాను. జరిగింది చెప్పాను. పిల్ల ఎవరో చెప్పలేదు, మా ఊరి వైపు ఒక పిల్ల అన్నాను. మేడమ్ చాలా బాధపడ్డారు, నిజంగానే కళ్లు తుడుచుకున్నారు. పుస్తకాలు పంచేశాం, వెనక్కి తేవడం ఎట్లా అన్నారు. మళ్లీ అచ్చు వేసేటప్పుడు చివర ఒక మాట చేరుస్తారట. పిల్లలూ, వేడి వస్తువుల దగ్గర పెద్దల సాయం తీసుకోండి అని. అది విన్నప్పుడు నాకు నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. పెద్దలే కదా దాన్ని కూర్చోబెట్టింది.

అది నా కథ కాదని చెప్పాలని గుమ్మం దాకా వచ్చి ఆగాను. మళ్లీ లోపలికి పోవాలనుకున్నాను. ఇద్దరు టీచర్లు ఎదురొచ్చి అభినందనలు చెప్పారు. వాళ్లకు చేతులు జోడించి బయటికి వచ్చేశాను.

పరీక్షలో చైత్ర చెబుతుంటే ఇంకెవరైనా రాసిపెట్టవచ్చా అని కనుక్కున్నాను. ముందే దరఖాస్తు పెట్టాలట, గడువు పోయిన నెలలోనే ముగిసిందట.

ఇందులో చైత్రకు కన్నడంలో ఒక ఉత్తరం పెట్టాను. నువ్వే చదివి వినిపించు. నా మాట వింటుంది. నన్ను తిట్టు, కానీ ఏం చేయాలో చెప్పు. నాకు తోచడం లేదు.

ఆశా


చింతామణి,
10 ఫిబ్రవరి 2008

ఆశా,

ఏం చేయాలో చెప్పమన్నావు. చెబుతాను.

ముందు నీ కన్నడ ఉత్తరం సంగతి. చైత్రకు ఇవ్వకముందు నేను చదివాను. త్వరగా నయమవుతుంది అన్నావు. వేడి దగ్గర జాగ్రత్త అన్నావు. ధైర్యంగా ఉండు, నువ్వు కూడా తప్పక గెలుస్తావు, పట్టు విడవద్దు అన్నావు. నిండా రెండు పేజీలు రాసి, చెప్పాల్సిన ఒక్క ముక్క అందులో పెట్టలేకపోయావు. ఆ ఉత్తరం పొయ్యిలో వేశాను. అది చదివితే పిల్ల రేపే పోయి బేసిన్ ముందు కూర్చుంటుంది.

ఇప్పుడు చైత్ర ఏం చేస్తోందో తెలుసా? ఎడమచేత్తో రాయడం నేర్చుకుంటోంది. పలక మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా అ ఆ నుంచి మొదలుపెట్టి గీస్తోంది. మొదట్లో కోడిగీతలు, ఇప్పుడు అంకెలు చదవగలిగేలా ఉన్నాయి. ఇస్కూలు మేష్ట్రు ఇంటికి వచ్చి చూసి, దీన్నే పట్టుదల అంటారు అని వరసలో అందరికీ చూపించాడు. అప్ప మీసం దువ్వుకున్నాడు. కెంపమ్మ బెల్లం తెచ్చి నోట్లో పెట్టింది. ఆ కుడిచెయ్యి ఎందుకు కాలిందని ఒక్కరూ అడగలేదు. నీ సంస్థవాళ్లకు తెలిస్తే ఇంకొక బొమ్మల పుస్తకం వేస్తారు.

నాకూ గర్వంగానే ఉంది, అబద్ధం చెప్పను. ఆ పిల్ల ఎడమచేత్తో భాగహారం చేస్తుంటే పక్కన కూర్చుని ప్రతి అంకె చూశాను. కానీ ఆ పట్టుదలను నేను చూస్తున్న చోటు నుంచి ఎవరూ చూడటం లేదు. దాన్ని అది ఎక్కడ పెట్టబోతోందో విను.

పద్దెనిమిదిన కట్టు విప్పుతారు. పరీక్ష ఇరవైనాలుగున. ఈ మధ్య ఆరు రోజులూ పొద్దున బేసిన్ దగ్గర కూర్చుంటానని అదే అంటోంది. కుడిచెయ్యి కాకపోతే ఎడమచేత్తో గూళ్లు అందిస్తుందట. పరీక్ష రోజు పొద్దున కూడా పోయి రావాలట. పద్నాలుగో పేజీలో పాప పోయింది కదా, పోకపోతే గెలుపు రాదేమోనని దాని భయం. అదొక మొక్కుబడి లాగా పట్టుకుంది. నేను అరిచాను, బతిమాలాను, ఒకరోజు చెంప మీద కొట్టాను కూడా. అప్ప నన్నే తిట్టాడు. “బిడ్డే పోతానంటాంటే నాదేముండాది? దాని మనసు ఇరగ్గొట్టాకు,” అన్నాడు. పచ్చి తోలు మీద ఆవిరి తగిలితే ఏమవుతుందో డాక్టరమ్మ చెప్పింది. పుండు మళ్లీ పగిలితే వేళ్లు ముడుచుకుపోతాయంది. ఇంట్లో అందరికీ వినిపించేలా చెప్పాను. అప్ప తల ఊపాడు, సీనప్ప తల ఊపాడు, చైత్ర ‘జాగ్రత్తగా ఉంటాలే’ అంది.

నేను మన ఒట్టు తెంచేశాను. పోయిన ఆదివారం అప్పను కూర్చోబెట్టి 1997లో ఏం జరిగిందో అంతా చెప్పాను. రెండు బేసిన్లూ ఎవరు చూశారు, ఎవరు చదివారు, సెప్టెంబరులో ఎవరు రాలేదు, అన్నీ. ఆయన సాంతం విన్నాడు. తరువాత తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు.

“పదేండ్లకు గుర్తొచ్చిందా? ఆశాకు బహుమానం ఇస్తాండారని కదా నీ ఏడుపు.”

అమ్మ మొహం తిప్పుకుంది. నమ్మిందో లేదో తెలియదు. చైత్ర పలక మీద గీస్తూనే ఉంది. కనుక నా మాట అయిపోయింది. నేను ఎంత గట్టిగా చెబితే అంత కుళ్లు లాగా కనిపిస్తుంది. సీనప్ప సంగతి నేను చూసుకుంటాను. లేబర్ ఆఫీసుకు ఇవ్వడానికి కాగితం రాసి పెట్టాను, కట్టు విప్పిన రోజున ఇస్తాను. గది పోతుంది, అప్ప నా మొహం చూడడు, నేను ఇంకో చోట పని వెతుక్కుంటాను. అది నా పని, దాని గురించి నీకు చెప్పడమే కానీ అడగడం లేదు. కానీ అధికారులు వచ్చి పిల్లను బేసిన్ దగ్గరి నుంచి లేపుతారే గాని, దాని మనసులో కూర్చున్న ఆ పాపను లేపలేరు. అది వేరే ఎక్కడో, వేరే కుండ ముందు పుస్తకం పట్టుకుని కూర్చుంటుంది. ఆ పాపను లేపడం పాసైన నీ ఒక్కదాని వల్లే అవుతుంది. నేను నీ దగ్గరికి రావడానికి కారణం అదొక్కటే.

నువ్వు చింతామణికి రావాలి. పదిహేడో తేదీ, ఆదివారం, పొద్దున. అప్ప ఇంట్లో ఉంటాడు, సీనప్పను నేను పిలుస్తాను. వాళ్ల ముందు చైత్రను ఒళ్లో కూర్చోబెట్టుకుని నీ నోటితో చెప్పాలి. పుస్తకంలో ఉన్న పాప నిజంగా లేదు, నేను బేసిన్ దగ్గర కూర్చుని పాసు కాలేదు, ఆ నెల నా బదులు మీ అక్క కూర్చుంది, అందుకే అక్క ఫెయిలైంది అని. ఈ ముక్కలే చెప్పాలి. నయంగా వద్దు. ఏడవనూ వద్దు, నువ్వు ఏడిస్తే అందరూ నిన్ను ఓదార్చడంలో పడతారు.

నీకు దీనివల్ల ఏం పోతుందో నాకు తెలుసు. బహుమానం పోవచ్చు, చిక్కబళ్ళాపురం పని పోవచ్చు, పేపరులో వేసినవాళ్లు మళ్లీ వేయవచ్చు. ముత్యాలప్ప కూతురు మళ్లీ బడి మానేస్తుందేమోనని నీకు దిగులు ఉండవచ్చు. ఆ పాపకు కూడా నిజమే చెప్పు. ఒకరు కూర్చుంటేనే ఇంకొకరు చదివారని చెప్పు. అప్పుడు తన పని చేయమని ఇంట్లో ఎవరిని అడగాలో దానికి తెలుస్తుంది.

గూళూరు నుంచి కార్డు రెండు రోజుల్లో వస్తుంది. శనివారం, పదహారో తేదీ టపాలో నీ కార్డు నా చేతిలో ఉండాలి. వస్తున్నావంటే ఏ బస్సో రాయి, స్టాండులో ఉంటాను. రాలేవంటే అది కూడా రాయి. సెలవు దొరకలేదు, ఒళ్లు బాగాలేదు అని కాదు. ‘నేను వచ్చి చెప్పను’ అని, కన్నడంలో, కింద నీ పేరు పెట్టి రాయి. ఆ కార్డు నేను చైత్రకు చదివి వినిపిస్తాను. నువ్వు చెప్పకుండా దాచింది ఏదో ఉందని అప్పుడైనా దానికి తెలుస్తుంది. ఆ చేతిరాత అది గుర్తుపడుతుంది, నీ నోటుపుస్తకాల మీద దాని పేరు రాసింది నువ్వే కదా. రెండిట్లో ఏది రాసినా శనివారం లోపల రాయి.

నేత్ర